వాచీ చెప్పే నాడి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నాన్న కొనిచ్చిన ఫిట్‌నెస్ వాచీలు పెట్టుకుని, ఎవరి అడుగులు ఎక్కువో తేల్చుకోవడానికి మీరిద్దరూ రాత్రిపూట హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. ఏళ్ల తరబడి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవాణ్ణి గనుక, ఆ వాచీలను ఎలా వాడుకోవాలో మీకు రాయాలనిపించింది.

రోజుకు పదివేల అడుగులు నడవాలన్నది వైద్యులు తేల్చిన లెక్క కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కించే ఒక పరికరాన్ని 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరుతో అమ్మారు. ఆ పేరులోని అంకె లోకమంతటికీ లక్ష్యమైపోయింది. మీ వయసు వారు రోజుకు సగటున 60 నిమిషాలు చురుగ్గా ఆడాలనీ పరిగెత్తాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మీరు చూసుకోవలసింది అది.

అడుగులకన్నా ముందు విశ్రాంతిలో ఉన్నప్పటి నాడిని గమనించండి. చీకట్లో వాచీని తిప్పి చూస్తే వెనుక ఆకుపచ్చ వెలుగు మిణుకుమిణుకుమంటుంది. రక్తం ఆ వెలుగును పీల్చుకుంటుంది కాబట్టి, గుండె కొట్టుకుని మణికట్టులోకి రక్తం వచ్చినప్పుడల్లా వెనక్కి తిరిగే వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులే నాడి లెక్క అవుతాయి. పట్టీ వదులైతే లెక్క తప్పుతుంది గనుక, మణికట్టు ఎముకకు వేలెడు పైన, జారకుండా బిగించండి. పొద్దున్నే మంచం దిగకముందు, బొటనవేలి మొదలు కింద మూడు వేళ్లు ఆనించి, అర నిమిషం లెక్కపెట్టి, రెట్టింపు చేసి, వాచీ చెప్పినదానితో పోల్చండి.

రెండు వారాలుగా నిమిషానికి 64 దగ్గరే ఉన్న నాడి ఒక ఉదయం 72 చూపిస్తే, నిద్ర చాలలేదేమో, నిన్నటి పరుగు ఎక్కువైందేమో, లేక జ్వరం రాబోతోందేమో ఆలోచించి, ఆ రోజుకు నడకతో సరిపెట్టుకోండి. అన్న నాడిని చెల్లి నాడితో పోల్చవద్దు. ఎవరి గుండె వారిది.

పరుగు విషయంలో నేను చేసిన తప్పు మీకు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలను రోజూ ఊపిరాడనంతగా పరిగెత్తించాను. జిల్లా పోటీలు వచ్చేసరికి బాగా పరిగెత్తే పిల్లలిద్దరు మోకాటి కింద నొప్పులతో గట్టు మీద కూర్చుండిపోయారు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు. వారంలో ఎక్కువ రోజులు పక్కవారితో మాట్లాడగలిగే వేగంతోనే పరిగెత్తండి. 220 నుంచి వయసు తీసేస్తే వచ్చే అత్యధిక గుండె వేగం సగటు లెక్క మాత్రమే. మీ విషయంలో అది పదికి పైగా అటూ ఇటూ కావచ్చు.

మీకు రాత్రిపూట 8 నుంచి 10 గంటల సేపు నిద్ర కావాలి. ఎన్నింటికి పడుకుని ఎన్నింటికి లేచారో వాచీ దాదాపు సరిగానే చెబుతుంది గాని, గాఢనిద్ర ఎంతసేపన్నది దాని అంచనా మాత్రమే. దానికి దిగులు పడవద్దు. కేలరీల అంకె మరీ నమ్మదగినది కాదు, దాన్ని చూసి అన్నం తగ్గించకండి. గుండెలో నొప్పిగా ఉన్నా, కళ్లు తిరిగినా, వాచీ ఏం చెప్పినా సరే, వెంటనే అమ్మకు చెప్పండి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రోజూ ఉదయపు నాడి రాసిన నోటుపుస్తకం తెండి. అరుగు మీద కూర్చుని ముగ్గురం చూద్దాం.

మీ తాతయ్య