పశువుకు సూది ఎవరు వేయాలి?

ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2024లో కొన్ని మార్గదర్శకాలు విడుదల చేసింది. గ్రామాల్లో పశువులకు ప్రాథమిక వైద్యం చేసే కార్యకర్తలకు ఏమేం వచ్చి ఉండాలి, వాటిని ఎలా నేర్పాలి అన్నది వాటి సారాంశం. అప్పటికి ఇలాంటి కార్యకర్తలు పని మొదలుపెట్టి నలభై ఏళ్లు దాటింది. ఎక్కడో మారుమూల నట్టల మందు తాగిస్తూ, పుండ్లు కడుగుతూ, టీకాలు వేస్తూ వచ్చిన వాళ్లను వైద్య వ్యవస్థలో భాగంగా ఒప్పుకోవడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది?

ఆధునిక పశువైద్యం పుట్టడానికి పెద్ద కారణం రిండర్‌పెస్ట్, అంటే పశువుల ప్లేగు. దాని దెబ్బకు తల్లడిల్లిన ఫ్రాన్స్, 1761లో లియోన్ నగరంలో తొలి పశువైద్య పాఠశాలకు అనుమతి ఇచ్చింది. 1920లో మన దేశం నుంచి బ్రెజిల్ వెళ్తున్న పశువులు బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో ఆగితే, వాటితో అక్కడికీ అదే రోగం పాకింది. ఆ భయంతోనే 1924లో 28 దేశాలు కలిసి అంతర్జాతీయ సంస్థ పెట్టుకున్నాయి. నేటి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అదే. అంటే ఈ వ్యవస్థ మొదటి నుంచీ అంటురోగాలు సరిహద్దు దాటకుండా చూడటానికి కట్టుకున్నది. దూడకు పారుడు పట్టినా, మేకకు కడుపు ఉబ్బినా చూసే మనిషి ఊళ్లో ఉండాలన్నది దాని మొదటి ఆలోచన కాదు.

ఆ ఆలోచన మనుషుల వైద్యం నుంచి వచ్చింది. చైనాలో కొద్దిపాటి శిక్షణతో ఊరివాళ్లకు వైద్యం చేసిన ‘చెప్పుల్లేని డాక్టర్లు’ పల్లెల్లో చేసిన పని, 1978లో ఆల్మా అటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రాథమిక ఆరోగ్యానికి ఇచ్చిన పిలుపు చాలామందిని కదిలించాయి. మనుషులకు చేయగలిగింది పశువులకు ఎందుకు చేయకూడదని స్వచ్ఛంద సంస్థలు అడిగాయి. సరిగ్గా అప్పుడే, 1980లలో, అప్పుల్లో ఉన్న దేశాలు ఖర్చులు తగ్గించుకుంటూ ప్రభుత్వ పశువైద్యాన్ని కుదించాయి. ఆ ఖాళీని ప్రైవేటు డాక్టర్లు నింపుతారనుకున్నారు. వాళ్లు ఫీజు వచ్చే పట్టణాల దగ్గరే ఆగిపోయారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మందల వెంట నెలల తరబడి తిరిగే చోట క్లినిక్ ఎలా నడుస్తుంది?

అసలు పరీక్ష ఆఫ్రికాలో జరిగింది. కెన్యాలో వాల్టర్ ప్లౌరైట్ 1960 నాటికే రిండర్‌పెస్ట్‌కు మంచి టీకా తయారుచేశారు. కానీ దానికి అడుగడుగునా చల్లదనం కావాలి. రోడ్డూ కరెంటూ లేని చోట అదెక్కడ దొరుకుతుంది? తర్వాత జెఫ్రీ మారినర్ బృందం వేడికి తట్టుకునే టీకా తెచ్చింది. ఫ్రిజ్ లేకపోయినా అది సుమారు నెల రోజులు నిలుస్తుంది. సంచిలో వేసుకుని నడిచి వెళ్లొచ్చు. యుద్ధంలో ఉన్న దక్షిణ సూడాన్‌లో కాపరులే తమలోంచి మనుషులను ఎంచుకున్నారు, అలా ఎంచుకున్న వాళ్లకు టీకాలు వేయడంలో శిక్షణ దొరికింది. అక్కడ 1993 ఒక్క ఏడాదిలోనే పది లక్షలకు పైగా పశువులకు టీకాలు పడ్డాయి. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలోనూ ఇలాగే జరిగింది. రోగం ఎక్కడ దాక్కుందో వెతకడంలోనూ కాపరుల మాటే ఆధారమైంది. ప్రతి రోగానికీ వాళ్ల భాషలో పేరుంది, లక్షణాలు నోటికొచ్చు. 2011లో రిండర్‌పెస్ట్ భూమి మీద లేదని ప్రకటించినప్పుడు అందులో వీళ్ల చెమట కూడా ఉంది. నాకైతే ఇది ఈ చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టం.

అయినా అనుమానాలు పోలేదు. రెండు మూడు వారాల శిక్షణతో ఇంజెక్షన్ ఇస్తారా, యాంటీబయాటిక్ డోసు తప్పితే ఎవరు బాధ్యులు అని డాక్టర్లు అడిగారు. ఆ భయం న్యాయమైనదే. సగం డోసులతో మందులు పనిచేయకుండా పోతాయి, పాలలో వాటి అవశేషాలు మిగులుతాయి. అయితే కార్యకర్తను డాక్టర్‌తో పోల్చి చూడటం సరికాదని నా అభిప్రాయం. డాక్టర్ లేని చోట ఆ పోలిక సంతలో మాత్రలు కొని తోచినంత మింగించే యజమానితో పెట్టాలి. తనకు చేతకానిది ఏదో గుర్తుపట్టి డాక్టర్‌కు కబురు పెట్టడం నేర్పితే ఆ కార్యకర్త వల్ల డాక్టర్‌కూ మేలే.

ఎక్కువ చోట్ల ఈ కార్యకర్తల పని దెబ్బతిన్నది శిక్షణ తర్వాతే. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు మందులు ఉచితంగా పంచారు. అది ముగిశాక డబ్బిచ్చి కొనే అలవాటు లేదు, కార్యకర్తకు ఆదాయం లేదు, కిట్ ఖాళీ. ఊరికే తిరగడానికి ఎవరికైనా ఎన్నాళ్లు కుదురుతుంది? దగ్గరి పట్టణంలోని డాక్టర్ మందులు సరఫరా చేసి, పని చూస్తూ, లాభంలో వాటా ఇచ్చిన చోట్ల కొందరు నిలబడ్డారు. మొజాంబిక్‌లో కోళ్లకు కొక్కెర తెగులు టీకాను కంట్లో చుక్కగా వేయడం ఊరివాళ్లకే నేర్పారు. కోళ్లు పెంచేది ఎక్కువగా ఆడవాళ్లే కాబట్టి వాళ్లకు ఈ పని బాగా అందివచ్చింది.

ఇప్పుడు గురి గొర్రెలు, మేకల పారుడు రోగం, పీపీఆర్ మీద ఉంది. 2030 నాటికి దాన్ని లేకుండా చేయాలని 2015లో దేశాలు అనుకున్నాయి. ఒకసారి టీకాలు వేసి వచ్చేస్తే ఇది సాగదు. గొర్రెలు త్వరగా ఈనుతాయి, ప్రతి ఈతకూ టీకా పడని పిల్లలు మందలో చేరుతూనే ఉంటాయి. వాటి కోసం మళ్లీ మళ్లీ అదే మంద దగ్గరికి వెళ్లాలి.