విడిపోయిన ఒత్తులు, దొరకని లైబ్రరీ: స్క్రిప్టింగ్ భాషల్లోకి సీ కోడ్ వచ్చిన దారి

పైథాన్‌తో బొమ్మల మీద తెలుగు రాయించడానికి ప్రయత్నించినవాళ్లలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. ప్రోగ్రాం ఒకటే, ఫాంటు ఒకటే. ఆఫీసులో లినక్స్ మెషీన్ మీద ‘రాష్ట్రం’ అన్న పదం చక్కగా పడుతుంది. ఇంటికొచ్చి విండోస్ ల్యాప్‌టాప్‌లో నడిపితే అదే పదంలో ష, ట, ర మూడూ వరసగా నిలబడి, మధ్యలో పొల్లు గుర్తులు వేలాడుతూ కనిపిస్తాయి. రాష్ట్రం విడిపోవడం మనకు కొత్త కాదు గానీ, ఇలా విడిపోవడం మాత్రం నేను మొదటిసారి చూశాను. ఎర్రర్ ఏమీ రాలేదు. ఫాంటును తిట్టుకుంటూ ఒక పూటంతా నాలుగైదు ఫాంట్లు మార్చి చూశాను. తప్పు ఫాంటుది కాదు.

పైథాన్‌లో బొమ్మల పని చేసే పిల్లో లైబ్రరీ, తెలుగు లాంటి లిపుల్లో ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చడానికి సీ భాషలో రాసిన రక్మ్ అనే లైబ్రరీ మీద ఆధారపడుతుంది. రక్మ్‌కు మళ్లీ ఫ్రీబిడి కావాలి. ఫ్రీబిడి చూసుకునేది అరబిక్, హీబ్రూ లాంటి కుడి నుంచి ఎడమకు రాసే లిపుల సంగతి. తెలుగుకు దాంతో పనే లేదు, అయినా అది లేకపోతే రక్మ్ కదలదు. పిల్లో 8.2 నుంచి ప్యాకేజీతో పాటే రక్మ్ వస్తోంది. ఫ్రీబిడిని మాత్రం ప్రోగ్రాం నడుస్తుండగా ఆ మెషీన్‌లో వెతుక్కుంటుంది. దొరికితే ఒత్తులు కిందికి దిగుతాయి. దొరక్కపోతే నోరు మెదపకుండా ఒక అక్షరం పక్కన ఇంకో అక్షరం పేర్చేసి ఊరుకుంటుంది.

నడుస్తున్న ప్రోగ్రాం ఎప్పుడో, ఎవరో, ఎక్కడో కంపైల్ చేసిన, అంటే యంత్రకోడ్‌గా మార్చిన, సీ కోడ్‌ను అప్పటికప్పుడు తెచ్చుకుని తనలో కలుపుకోవడం ఇప్పుడు మామూలు విషయం. ‘అన్‌డిఫైన్డ్ సింబల్’, ‘జీలిబ్‌సీ వెర్షన్ దొరకలేదు’, ‘డీఎల్ఎల్ లోడ్ ఫెయిల్డ్’ లాంటి సందేశాలు చూసి టెన్షన్ పడని పైథాన్ ప్రోగ్రామర్ అరుదు. ఇవి ఒక్కొక్కటీ ఒక్కో పాత నిర్ణయం నుంచి పుట్టుకొచ్చినవి.

యూనిక్స్ కుటుంబంలో ఈ పనికి ముఖ్యంగా రెండు ఫంక్షన్లున్నాయి. డీఎల్‌ఓపెన్‌కు ఫైలు పేరు ఇస్తే ఆ లైబ్రరీని మెమరీలోకి తెచ్చి, దానికి కావలసిన మిగతా లైబ్రరీలను కూడా లాక్కొచ్చి, లోపలి అడ్రస్‌లన్నీ సరిచేస్తుంది. డీఎల్‌సిమ్‌కు ఒక ఫంక్షన్ పేరు ఇస్తే మెమరీలో అది ఎక్కడుందో చెబుతుంది. విండోస్‌లో లోడ్‌లైబ్రరీ, గెట్‌ప్రాక్‌అడ్రస్ చేసేది కూడా ఇదే. చేతికొచ్చేది అడ్రస్ ఒక్కటే. ఆ ఫంక్షన్‌కు ఎన్ని విలువలు పంపాలి, అవి పూర్ణాంకాలా పాయింటర్లా, తిరిగి ఏం ఇస్తుంది, ఇవేవీ రావు. సీ కంపైలర్ ఈ వివరాలన్నీ హెడర్ ఫైలు చదివి తెలుసుకుంటుంది. కంపైల్ అయ్యాక సింబల్ టేబుల్‌లో పేరు మాత్రం మిగులుతుంది. డోర్ నంబరు ఇచ్చి పంపారు, ఇంట్లో ఎవరుంటారో, వాళ్లతో ఏ భాషలో మాట్లాడాలో చెప్పలేదు. ఇక ముందు వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఆలోచన పాతదే. 1960ల్లో మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే, ఒక రొటీన్‌ను మొదటిసారి పిలిచిన క్షణంలో దాన్ని వెతికి కలిపే ఏర్పాటు ఉంది. తర్వాత వచ్చిన యూనిక్స్ ఆ బరువంతా దించుకుని, అన్నిటినీ ముందే కలిపి ఒకే ఫైలుగా చేసే పద్ధతి పట్టుకుంది. 1980ల్లో గ్రాఫిక్స్ వచ్చేసరికి ప్రతి చిన్న ప్రోగ్రాం పెద్ద పెద్ద లైబ్రరీల సొంత కాపీని మోయాల్సి వచ్చింది. 1988లో వచ్చిన సన్‌ఓఎస్ 4.0 షేర్డ్ లైబ్రరీలను తెచ్చింది. మెమరీ, డిస్కు మిగల్చడం దాని ఉద్దేశం. డీఎల్‌ఓపెన్ కూడా సన్‌ఓఎస్ నుంచి వచ్చిందే. అది పైథాన్ లాంటి స్క్రిప్టింగ్ భాషల (రాసిన కోడ్‌ను ముందే కంపైల్ చేయకుండా నేరుగా నడిపే భాషల) రాతను మారుస్తుందని అప్పుడు ఎవరైనా అనుకున్నారో లేదో గానీ, సమయం మాత్రం కుదిరింది. పెర్ల్ 1987లో వచ్చింది, టికిల్ 1988లో మొదలైంది, పైథాన్ మొదటి విడుదల 1991లో.

ఆ రోజుల్లో స్క్రిప్టింగ్ భాషకు కొత్త సీ లైబ్రరీ కలపాలంటే ఆ భాషనే మళ్లీ కంపైల్ చేయాలి. పెర్ల్ 4 కాలంలో ఒరాకిల్ డేటాబేస్‌తో మాట్లాడటానికి ఒరాపెర్ల్ అని ఒక వేరే పెర్ల్ ఉండేది. సైబేస్‌కు సైబ్‌పెర్ల్ ఇంకోటి. ఒకే స్క్రిప్టులో రెండు డేటాబేసులూ కావాలంటే రెండూ కలిపి మూడో పెర్ల్ తయారు చేసుకోవాల్సిందే. 1994 అక్టోబరులో పెర్ల్ 5, నడుస్తుండగానే లైబ్రరీలు ఎక్కించుకునే డైనాలోడర్‌తో వచ్చాక ఈ బాధ తప్పింది.

టికిల్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. బర్క్‌లీలో చిప్‌ల డిజైన్‌కు వాడే సాఫ్ట్‌వేర్లు రాస్తున్న జాన్ ఔస్టర్‌హౌట్, ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఒక చిన్న సొంత కమాండ్ భాష కట్టుకోవడం విసుగెత్తి, అన్నిటిలోనూ ఇమిడేలా ఒకే భాషను లైబ్రరీగా రాశాడు. అంటే మొదట్లో అనుకున్నది సీ ప్రోగ్రాంలో టికిల్ కూర్చోవాలని. జనం దాన్ని తిరగేసి వాడారు, టికిల్‌లోకి సీ ముక్కలు ఎక్కించడం మొదలుపెట్టారు. ఎక్స్‌పెక్ట్ అని, ఎక్స్‌టెండెడ్ టికిల్ అని దేని షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) దానిదే అయింది. 1996లో టికిల్ 7.5 ‘లోడ్’ అనే కమాండ్ తెచ్చింది. లైబ్రరీ పేరుకు చివర ‘ఇనిట్’ చేర్చిన పేరుగల ఒకే ఒక ఫంక్షన్‌ను అది వెతికి పిలుస్తుంది. మిగతా కమాండ్లన్నీ ఆ ఫంక్షన్ లోపల నుంచి తమను తాము నమోదు చేసుకుంటాయి.

ఫంక్షన్‌కు ఎలాంటి విలువలు పంపాలో తెలియని టైపుల సమస్యకు ఇది తెలివైన జవాబు. తెలియని ఇంట్లో అందరినీ పేరుపేరునా పిలిచే బదులు, ఇంటి పెద్ద ఒక్కరితో మాట్లాడే తీరు ముందే ఖాయం చేసుకుంటే మిగతావాళ్లను ఆయనే పరిచయం చేస్తాడు. పెర్ల్‌లో ‘బూట్’తో మొదలయ్యే ఫంక్షన్, పైథాన్ 2లో ‘ఇనిట్’తో, పైథాన్ 3లో ‘పైఇనిట్’తో మొదలయ్యే ఫంక్షన్ చేసేదీ అదే. పేర్లు వేరు, ఉపాయం ఒకటి.

బ్రెజిల్‌లో పుట్టిన లువా మాత్రం చాలాకాలం బెట్టు చేసింది. ప్రామాణిక సీ భాషలో డైనమిక్ లోడింగ్ (ఇలా నడుస్తుండగా లైబ్రరీ ఎక్కించుకోవడం) ఊసే లేదు. లువాను రాసినవాళ్లు ప్రామాణిక సీ దాటి అడుగు వేయకూడదని పట్టుదల మీద ఉన్నారు. చివరికి ఈ ఒక్క విషయంలో ఆ నియమం పక్కన పెట్టారు.

ఇంటి పెద్ద పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. ఎవరో రాసిన మామూలు సీ లైబ్రరీలో అలాంటి ఫంక్షన్ ఉండదు, మధ్యవర్తి కోడ్ మనమే రాయాలి. లాస్ అలమోస్‌లో అణువుల కదలికల సిమ్యులేషన్ మీద పనిచేస్తున్న డేవిడ్ బీజ్లీ ఈ చాకిరీ తప్పించడానికి స్విగ్ అనే పనిముట్టు తయారు చేసి 1996లో అందరికీ ఇచ్చాడు. హెడర్లలో ఉండే డిక్లరేషన్లు అందిస్తే మధ్యవర్తి కోడ్‌ను అదే రాసిపెడుతుంది.

ఇంకో దారి, కంపైలర్‌తో పని లేకుండా స్క్రిప్టులోనే టైపులు చెప్పడం. థామస్ హెల్లర్ రాసిన సీటైప్స్ 2006లో పైథాన్ 2.5తో పాటు అధికారికంగా చేరింది. రెండు లైన్లలో సీ ఫంక్షన్‌ను పిలవొచ్చు. అయితే టైపులు చెప్పడం మన బాధ్యత. చెప్పకపోతే ఫంక్షన్ తిరిగి ఇచ్చేది మామూలు పూర్ణాంకం అనుకుంటుంది. 32 బిట్ మెషీన్లలో పూర్ణాంకం, పాయింటర్ ఒకే కొలత కాబట్టి ఆ అబద్ధం చెల్లిపోయేది. 64 బిట్‌లో పూర్ణాంకం 32 బిట్లే, పాయింటర్ 64. పై సగం తెగిపోయిన అడ్రస్ పట్టుకుని ప్రోగ్రాం ఎక్కడికో వెళ్లి కూలిపోతుంది. ఇందులోని దగా ఏమిటంటే, అడ్రస్ చిన్నదైతే బాగానే పనిచేస్తుంది. టెస్టుల్లో పాసై, డెమో రోజున క్రాష్ అయ్యే రకం.

ఇప్పటిదాకా చెప్పింది ఒక వైపు. సీ ఎక్స్‌టెన్షన్ (పైథాన్‌లోకి ఎక్కించడానికి సీలో రాసిన మాడ్యూల్) తిరిగి పైథాన్‌ను కూడా పిలుస్తుంది, పైథాన్ వస్తువుల లోపలి భాగాలను నేరుగా తాకుతుంది కూడా. ఒక వస్తువును ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టే అంకె మెమరీలో ఎన్నో బైటు దగ్గరుందో ఎక్స్‌టెన్షన్ యంత్రకోడ్‌లోనే అచ్చయిపోయి ఉంటుంది. పైథాన్ తన లోపలి అమరిక మార్చుకుంటే పాత ఎక్స్‌టెన్షన్‌కు ఆ సంగతి తెలిసే దారి లేదు.

పైథాన్ 2 రోజుల్లో యూనికోడ్ అక్షరాన్ని 2 బైట్లలో దాచాలా 4 బైట్లలోనా అన్నది పైథాన్‌ను కంపైల్ చేసేవాళ్ల ఇష్టం. ఉబుంటు, ఫెడోరా 4 బైట్లు ఎంచుకున్నాయి. సోర్సు తెచ్చి మామూలుగా కంపైల్ చేసుకుంటే 2 బైట్లు వచ్చేది. ఒకదానికి తయారైన ఎక్స్‌టెన్షన్ ఇంకోదాంట్లో ఎక్కితే అక్షరాలన్నీ చెల్లాచెదురు. అందుకని పైథాన్ వాళ్లు చిన్న కిటుకు చేశారు: హెడర్ ఫైల్లో యూనికోడ్ ఫంక్షన్ల పేర్లలో యూసీఎస్2, యూసీఎస్4 అని నిశ్శబ్దంగా చేర్చారు. సరిపడని ఎక్స్‌టెన్షన్ లోడ్ చేస్తే పేరు దొరక్క ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అని ఆగిపోతుంది. మనం విసుక్కున్న ఆ ఎర్రర్ నిజానికి కావాలని పెట్టిన గేటు. పేరు తప్ప ఇంకేమీ చూడని వ్యవస్థలో సమాచారం పంపాలంటే పేరులోనే దూర్చాలి మరి. 2012లో పైథాన్ 3.3 ఈ రెండు రకాల తేడాను తీసేసింది.

వెర్షన్ మారినా చెక్కుచెదరని ఒప్పందం ఒకటి ఉండాలని పెప్ 384 (పైథాన్‌లో మార్పులు ప్రతిపాదించే పత్రాలను పెప్ అంటారు) ప్రతిపాదించింది. 2011లో పైథాన్ 3.2తో అది అమల్లోకి వచ్చింది. లోపలి అమరికను తాకకుండా, పేర్కొన్న ఫంక్షన్లతో సరిపెట్టుకునే ఎక్స్‌టెన్షన్‌ను ఒకసారి కంపైల్ చేస్తే తర్వాతి వెర్షన్లలోనూ నడుస్తుంది. వేగం కోసం లోపలికి చేయి పెట్టే పెద్ద లైబ్రరీలకు మాత్రం అది ఇరుకు చొక్కా అయింది.

లినక్స్‌లో దీనికి తోడు జీలిబ్‌సీ, అంటే అక్కడి మూల సీ లైబ్రరీ, గొడవ. మెమరీలో బైట్లు కాపీ చేసే మెమ్‌కాపీ కన్నా మామూలు ఫంక్షన్ ఉండదు. 64 బిట్ లినక్స్‌లో జీలిబ్‌సీ 2.14 దానికి కొత్త వెర్షన్ ముద్ర వేసింది. దాంతో కొత్త మెషీన్‌లో కంపైల్ చేసిన ఏ లైబ్రరీ అయినా, మెమ్‌కాపీ తప్ప కొత్తది ఏదీ వాడకపోయినా, జీలిబ్‌సీ 2.12 ఉన్న సెంట్‌ఓఎస్ 6 (లినక్స్‌లో ఒక రకం) సర్వర్‌లో ఎక్కనని మొండికేసేది. పాతదాంట్లో కంపైల్ చేసింది కొత్తదాంట్లో నడుస్తుంది, కొత్తది పాతదాంట్లో నడవదు. అందుకే 2016లో పెప్ 513 తెచ్చిన, రకరకాల లినక్స్‌లలో నడిచే ప్యాకేజీలు తయారుచేసే మెనీలినక్స్1 పద్ధతి అప్పటికే ముసలిదైన సెంట్‌ఓఎస్ 5ను, అందులోని జీలిబ్‌సీ 2.5ను తయారీ కేంద్రంగా పెట్టుకుంది. తర్వాత సెంట్‌ఓఎస్ 6, 7కు జరిగారు. పెప్ 600 వచ్చాక జీలిబ్‌సీ నంబరు నేరుగా ప్యాకేజీ ఫైలు పేరులోనే ఉంటోంది. మళ్లీ పేరులోనే. లినక్స్‌లో లెక్కల లైబ్రరీ నమ్‌పై లాంటివి కంపైలర్ లేకుండా, ప్యాకేజీలు దించే పిప్‌తో క్షణాల్లో దిగుతున్నాయంటే ఈ ముసలి సెంట్‌ఓఎస్‌ల పుణ్యమే.

2024లో రెండు పెద్ద కుదుపులొచ్చాయి. జూన్‌లో నమ్‌పై 2.0 వచ్చింది. 2006లో 1.0 వచ్చాక మొదటి పెద్ద వెర్షన్ మార్పు అది. 1.x కోసం కంపైల్ చేసిన మాడ్యూళ్లు 2.0లో నడవవని, క్రాష్ కావచ్చని నమ్‌పై తానే ముందుగా హెచ్చరిక వేసింది. అక్టోబరులో పైథాన్ 3.13 గిల్ (ఒకసారికి ఒకే థ్రెడ్ పైథాన్ కోడ్ నడిపేలా చూసే తాళం) లేని ప్రయోగాత్మక బిల్డ్‌తో వచ్చింది. అందులో వస్తువుల అమరికే వేరు, కాబట్టి దానికి ఎక్స్‌టెన్షన్లు విడిగా కంపైల్ చేయాలి. ఫైలు పేరులో వెర్షన్ పక్కన ‘టీ’ అక్షరం చేరింది. అలా కంపైల్ చేసినా, గిల్ లేకుండా నడవగలనని ఎక్స్‌టెన్షన్ స్వయంగా ప్రకటించకపోతే పైథాన్ హెచ్చరిక ఇచ్చి గిల్‌ను మళ్లీ ఆన్ చేస్తుంది. యంత్రకోడ్ చూసి ఆ సంగతి కనిపెట్టలేదు కాబట్టి అడిగి తెలుసుకుంటోంది.

పిల్లోను కూడా అడగొచ్చు. దాని ఫీచర్స్ మాడ్యూల్‌లో చెక్ అనే ఫంక్షన్‌కు రక్మ్ పేరు పంపితే ఉందో లేదో చెబుతుంది. నా ల్యాప్‌టాప్‌లో లేదంది. ఫ్రీబిడి డీఎల్ఎల్ తెచ్చి, విండోస్ వెతికే ఫోల్డర్లలో ఒకదాంట్లో పడేసి మళ్లీ నడిపాను. రాష్ట్రం కలిసింది.