యానాం నంబరు మీద ఇటలీ బండి

భీమవరం దగ్గర ఒక చెరువుగట్టు షెడ్డులో, మేత బస్తాల పక్కన, టార్పాలిన్ కింద ఎర్ర ఫెరారీ ఒకటుంది. ఎఫ్430 మోడల్. నంబరు పలక పీవై 04తో మొదలవుతుంది, అంటే యానాం రిజిస్ట్రేషన్. అమ్మే ఆయన అడిగింది కొత్త ఫెరారీ ధరలో మూడో వంతు కూడా లేదు. మా బావ రొయ్యల మనిషి. "ఇంత తక్కువకి వస్తోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టా, లేక అసలు రేటే అంతా?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు ఇంజిన్లో లేదు, కాగితాల్లో ఉంది. ఆ కాగితాల వెనక డెబ్భై ఏళ్ల కథ ఉంది.

డెల్టాకి ఇటలీ బండి కొత్తేం కాదు. 1950లలో బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు ఫియట్ 1100 తయారు చెయ్యడం మొదలుపెట్టారు. 1974లో దానికే పద్మిని అని పేరు పెట్టారు. డాక్టర్ల ఇళ్ల ముందు, రైసుమిల్లుల ముందు కనిపించిన ఫియట్లన్నీ అవే. ఇప్పుడు సందుసందునా తిరిగే ఆపే ఆటో కూడా ఇటలీ కంపెనీ పియాజియోదే. రానిదల్లా స్పోర్ట్స్ కారు. విదేశీ బండి తెప్పించుకోవాలంటే లైసెన్సు కావాల్సిన రోజుల్లో అది రాజులకీ, రాయబారులకీ సంబంధించిన వ్యవహారం.

2001 ఏప్రిల్ 1న దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు (ఎంత తెచ్చుకోవచ్చన్న పరిమితులు) ఎత్తేశాక తలుపు కొద్దిగా తెరుచుకుంది. వాడిన బండి తెచ్చుకోవచ్చు, కానీ తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగు కుడివైపు ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి, దింపడం ముంబయి రేవులోనే. సుంకం సంగతి జనానికి అర్థమైంది మాత్రం సచిన్ టెండూల్కర్ బండితో. బ్రాడ్‌మన్ 29 టెస్టు సెంచరీలతో సమమైనందుకు 2002లో ఫియట్ ఆయనకి ఫెరారీ 360 మోడెనా ఇచ్చింది. 2003లో కేంద్రం సుంకం మాఫీ చేస్తే గొడవై, కోర్టుదాకా వెళ్లి, చివరికి రూ.1.13 కోట్లు ఫియటే కట్టింది. బహుమతిగా వచ్చిన బండికి సుంకమే కోటి దాటింది! 2011లో ఆ కారు సూరత్ వ్యాపారి ఒకరికి వెళ్లింది. 2013 బడ్జెట్లో వాడిన కార్ల మీద సుంకాన్ని 125 శాతానికి పెంచారు.

ఇక్కడొక సంగతి పట్టుకోవాలి. ఎఫ్430 తయారీ 2004లో మొదలై 2009తో ముగిసింది. ఫెరారీ మన దేశంలో అధికారికంగా డీలర్ని పెట్టింది 2011లో. కాబట్టి షెడ్డులో ఉన్న బండి ఇక్కడి షోరూములో కొన్నది అయ్యే అవకాశమే లేదు. ఎవరో ఒకరు రేవులో దింపారు. దింపినప్పుడు కస్టమ్స్‌లో దాఖలు చేసే దిగుమతి పత్రం, బిల్ ఆఫ్ ఎంట్రీయే దాని జన్మపత్రిక.

ఇక యానాం. గౌతమి పాయ ఒడ్డున 30 చదరపు కిలోమీటర్ల ఊరు, చుట్టూ ఆంధ్ర. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, తర్వాత పుదుచ్చేరిలో భాగమైంది. ఏరు దాటితే చట్టం మారిపోతుందన్న సంగతి మనవాళ్లకి కొత్తగా తెలిసింది కాదు. 1929లో శారదా చట్టం వచ్చి బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలు నిషేధిస్తే, పెళ్లివారు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్లి ముడి వేయించుకొచ్చేవారు. ఊరికి కల్యాణపురం అన్న పేరే స్థిరపడింది. ఆ తర్వాత చవకగా దొరికే మందు, పెట్రోలు. ఆ వరసలోనే బండి రిజిస్ట్రేషను. వాహన పన్ను రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఆంధ్రలో లైఫ్ ట్యాక్స్ బండి ధరలో ఇంత శాతమని వేస్తారు, కోటి రూపాయల బండికి ప్రతి పది శాతం పది లక్షలన్నమాట. పుదుచ్చేరిలో ఆ భారం చాలా తక్కువ. ఎదుర్లంక వంతెన దాటి వెళ్లి ఒక అద్దె ఇంటి చిరునామా చూపిస్తే పనైపోతుందని బ్రోకర్లు నేర్పారు. (నిజంగా యానాంలో ఉండేవాళ్ల బండ్లకి కూడా ఇదే పలక. పాపం, వాళ్లని కూడా చెక్‌పోస్టులో అనుమానంగానే చూస్తారు.)

మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివాసం గానీ వ్యాపారం గానీ ఉండి, బండి మామూలుగా ఉండే చోటే రిజిస్టరు చెయ్యాలి. 47వ సెక్షన్ ప్రకారం ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. 2017లో కేరళలో సినిమా తారల పుదుచ్చేరి బండ్ల మీద కేసులు పడేదాకా ఈ రెండు సెక్షన్లనీ పట్టించుకున్నవాళ్లు తక్కువ. అంటే మా బావ ఈ బండి కొంటే, అమ్మే ఆయన ఎగ్గొట్టిన పన్ను బరువు కూడా బావ నెత్తికే వస్తుంది. అడిగిన ధర చవగ్గా ఉండటానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం డాష్‌బోర్డులో దొరికింది. తాళం తిప్పాక తెర మీద 19 వేల చిల్లర అంకె వెలిగింది. ఫోన్లో మాకు చెప్పింది కూడా అదే, పంతొమ్మిది వేల కిలోమీటర్లని. కళ్లజోడు సర్దుకుని చూస్తే అంకె పక్కన చిన్న అక్షరాల్లో మైళ్ల గుర్తు. కిలోమీటర్లలోకి మారిస్తే ముప్పై వేలు పైమాటే. ఆ అంకె కన్నా నన్ను కలవరపెట్టింది అది మైళ్లలో ఉండటం. ఇంగ్లండులో తిరిగిన బండి కావచ్చు, అందులో తప్పు లేదు. కానీ స్పీడోమీటరు కిలోమీటర్లలో ఉండాలన్న నిబంధన ఉండగా రేవు ఎలా దాటింది? వచ్చేనాటికి మూడేళ్లలోపుదేనా? బిల్ ఆఫ్ ఎంట్రీ అడిగితే "ఆడిటరు దగ్గరుందండీ" అన్నాడాయన.

బండి మటుకు అందంగానే ఉంది, కాదనను. ఏసీ బటన్ నొక్కితే మాత్రం మామిడి తాండ్ర పట్టుకున్నట్టు వేలికి నల్లగా అంటింది. ఆ కాలపు ఫెరారీల్లో ప్లాస్టిక్ మీది మెత్తని పూత ఉక్కకి ఇలాగే కరుగుతుంది. ఒళ్లంతా అల్యూమినియమే కదా, తుప్పు ఉండదనుకుంటారు. ఉప్పునీటి చెరువుల గాలిలో, ఉక్కు బోల్టు తగిలిన చోటల్లా తెల్ల పొడి లేచింది. టైరు మీద 3512 అని ఉంది, అంటే 2012లో 35వ వారం తయారైనది. ట్రెడ్ నిండుగా ఉన్నా, అంత పాత టైర్లతో ఏటిగట్టు మీద కూడా నడపను నేను. స్కానరు పెట్టి క్లచ్ ఎంత శాతం అరిగిందో చదవాలి, ఎగ్జాస్ట్ మానిఫోల్డులో (ఇంజిన్ పొగ బయటికి పోయే గొట్టాల్లో) పగుళ్లున్నాయేమో బండి ఎత్తి చూడాలి. రెండూ ఈ మోడల్‌కి తెలిసిన జబ్బులే, రెండూ లక్షల్లో పనే.

అరుదైన బండి కదా, ధర పెరుగుతుంది కదా అంటాడు బావ. ఫెరారీ 250 జీటీవో 1962 నుంచి 1964 దాకా 36 మాత్రమే చేశారు. 2018లో వేలంలో ఒకటి 4.84 కోట్ల డాలర్లు పలికింది. అది అరుదు. ఎఫ్430లు వేలల్లో ఉన్నాయి, మన జిల్లాలో ఒక్కటే ఉంది, అంతే. ఊళ్లో ఒక్కటే ఉందని ధర చెప్పడం, కిలోకి వంద తూగే 100 కౌంటు చిన్న రొయ్యని, ముప్పై తూగే 30 కౌంటు రేటుకి అడగడం లాంటిది. ఈ పోలిక చెప్పాకే బావకి విషయం ఎక్కింది. ఇన్సూరెన్సువాళ్ల విలువనైనా నమ్ముకుందామంటే, ఐదేళ్లు దాటిన బండికి వాళ్లకీ మనకీ కుదిరిన అంకే ఐడీవీ (పాలసీలో రాసే బండి విలువ). దాన్ని సాక్ష్యంగా చూపిస్తే ఏం లాభం?

వారం తర్వాత అమ్మే ఆయన ఫోన్ చేసి పది లక్షలు తగ్గించాడు. బావ ధర ఊసెత్తలేదు. బిల్ ఆఫ్ ఎంట్రీ ఫొటో వాట్సాప్‌లో పెట్టమన్నాడు. ఇంకా రాలేదు.