డెన్వర్ పాత రైల్వే పేట గురించి నేను తరచూ వినే అపోహలు

డెన్వర్ డౌన్‌టౌన్‌లో యూనియన్ స్టేషన్ చుట్టూ ఉన్న పాత గోదాముల పేటని లోడో అంటారు. పాత ఇటుక కట్టడాల మరమ్మతు నా పని. చుట్టాల్ని తిప్పి చూపించేటప్పుడూ, బిల్డింగ్ ఓనర్లతో మాట్లాడేటప్పుడూ ఈ మాటలు వింటూనే ఉంటాను.

అపోహ: అమెరికాను ఆ చివర నుంచి ఈ చివరకు కలిపిన మొదటి రైలు మార్గం డెన్వర్ మీదుగానే వెళ్లింది.
వాస్తవం: వెళ్లలేదు. పడమట రాకీ కొండలు అడ్డం. 1869లో పూర్తయిన ఆ లైను ఉత్తరాన ఉన్న షయెన్ అనే ఊరి మీదుగా పోయింది. ఇక ఊరు ఎత్తిపోతుందన్న భయంతో డెన్వర్ వాళ్లే కంపెనీ పెట్టుకుని షయెన్ దాకా లైను వేసుకున్నారు. 1870 జూన్‌లో రైలొచ్చింది, వెనకే గోదాములూ వచ్చాయి.

అపోహ: స్టేషన్ మొత్తం 1881 నాటిదే.
వాస్తవం: 1894లో అగ్నిప్రమాదంలో నడిమి భాగం కాలిపోయింది. మనవాళ్లు ఫొటోలు దిగే నడిమి పెద్ద హాలు 1914 నాటిది.

అపోహ: పాత గోడ రాలుతుంటే సందుల్లో సిమెంటు దట్టిస్తే సరి.
వాస్తవం: నాకు సగం పని తెచ్చిపెట్టేది ఈ నమ్మకమే. అప్పటి ఇటుక మెత్తన, దాన్ని పట్టి ఉంచిన సున్నం ఇంకా మెత్తన. గోడలో చేరిన తేమ ఆ సున్నం సందుల్లోంచే బయటికి ఆరిపోతుంది. సిమెంటు పెడితే ఆ దారి మూసుకుపోయి నీరు ఇటుకలోనే నిలుస్తుంది. డెన్వర్ చలికాలంలో పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది కదా, గడ్డకట్టిన ప్రతిసారీ నీరు ఉబ్బి ఇటుక ముఖాన్ని పెచ్చులుగా ఊడగొడుతుంది. ఒక గోదాములో సిమెంటు గీతలు మాత్రం చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి, మధ్యలో ఇటుకలు గుంటలు పడి వేలితో నొక్కితే పొడి రాలింది. అరిగిపోవాల్సింది సున్నం, ఇటుక కాదు. కొన్ని దశాబ్దాలకోసారి సున్నం మళ్లీ నింపుకోవాలి, అంతే. గానుగ సున్నంతో కట్టిన తాతల ఇంటికి సిమెంటు పూయించినవాళ్లకి ఈ బాధ కొత్త కాదు.

అపోహ: నేషనల్ రిజిస్టర్‌లో, అంటే చారిత్రక కట్టడాల జాతీయ జాబితాలో, పేరుంటే ఇక ఎవరూ కూల్చలేరు.
వాస్తవం: సొంత డబ్బుతో కూల్చుకునే ఓనర్‌ని ఆ జాబితా ఆపదు. ఆపేది నగరం చట్టం. లోడోకి ఆ రక్షణ 1988లో వచ్చింది. అంతకుముందే పక్క వీధుల్లో ఎన్నో పాత భవనాలు నేలమట్టమై పార్కింగ్ స్థలాలయ్యాయి. రిజిస్టర్ వల్ల వచ్చేది వేరే లాభం: ఆదాయం తెచ్చే భవనాన్ని నియమాల ప్రకారం బాగుచేస్తే, ఖర్చులో 20 శాతం మేర ఫెడరల్ పన్నులో తగ్గిస్తారు. సిమెంటు దట్టించిన గోడ చూపిస్తే మాత్రం ఆ దరఖాస్తు ముందుకు కదలడం కష్టం.