పెచ్చులూడే సర్కారు ఆఫీసులు: కూల్చే ముందు తెలియాల్సిన వెనకటి సంగతి

తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక ఆఫీసులన్నీ ఒకేచోట ఉండేలా సమీకృత కలెక్టరేట్లు కట్టారు. మహబూబ్‌నగర్‌లో అది 2022 డిసెంబరు 4న ప్రారంభమైంది. ఆఫీసులు అటు తరలిన కొద్దీ పట్టణాల నడిమధ్య పాత భవనాలు ఖాళీ అవుతున్నాయి. వీటిని ఏం చేద్దామంటే ముందుగా వినిపించే మాట కూల్చివేత. మా లెక్కలో అది తొందరపాటు. ఏ కాలపు కట్టడమో తెలిస్తే గానీ దాని జబ్బు తెలియదు.

నిజాం కాలపు కచేరీలు రాతి గోడలు, డంగు సున్నం. సున్నం చెమ్మను పీల్చి ఎండకు వదిలేస్తుంది. తర్వాతి మరమ్మతుల్లో వాటిపై సిమెంటు పూశారు. చెమ్మ లోపలే చిక్కి, ఉప్పు తేలి, పూత ఉబ్బి రాలుతుంది. చూసేవారికి గోడే చీకినట్టుంటుంది. ఆ సిమెంటు చెక్కేసి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నం పూస్తే ఇవి చాలావరకు నిలుస్తాయి.

అసలు చిక్కు రెండో తరం భవనాలది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, ప్రతి మండలానికీ ఆఫీసు కావలసి వచ్చింది. అప్పుడు అమల్లో ఉన్నది కాంక్రీటు కట్టడాలకు దేశమంతా పాటించే ఐఎస్ 456 ప్రమాణపు 1978 కూర్పు. దాని ప్రకారం ఎం15 బలపు కాంక్రీటు సరిపోయేది (ఎం పక్క అంకె పెరిగితే బలం పెరిగినట్టు), స్లాబులో సలాక కింద 15 మిల్లీమీటర్ల కవర్, అంటే సలాకను కప్పే కాంక్రీటు మందం, చాలు. 2000 కూర్పులో అవి ఎం20కి, 20 మిల్లీమీటర్లకు పెరిగాయి. సలాకను ఎత్తి పట్టే కవర్ బ్లాకులకు బదులు కంకర ముక్కలు పెట్టిన చోట ఆ 15 కూడా దక్కలేదు. పైగా అప్పట్లో వాడింది మెలి తిప్పిన టోర్ సలాక, తుప్పు దాన్ని తొందరగా పట్టుకుంటుంది. నల్లగొండ బోరు నీళ్లనగానే అందరి చూపూ ఫ్లోరైడ్ మీదికి పోతుంది. సలాకకు శత్రువు మాత్రం క్లోరైడ్. సలాకలు వేసే కాంక్రీటు కలిపే నీళ్లలో అది లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకి దాని క్షారగుణాన్ని తగ్గిస్తుంది. ఆ మార్పు సలాక దాకా చేరాక నీళ్లు తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది, పెచ్చు ఊడేది అందుకే. స్లాబు కురిసినప్పుడల్లా పైన మరో పొర వేయడం ఇంకో తప్పు. మూడంగుళాల ఇటుక కంకర, సున్నం పొర చదరపు మీటరుకు దాదాపు 140 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే డాబాకు లెక్కగట్టే అదనపు బరువే 150 కిలోలు! ఫైళ్ల బస్తాలు పై అంతస్తులో పేర్చడమూ ఇంతే: మామూలు ఆఫీసు గదికి చదరపు మీటరుకు 250 కిలోలు లెక్కేస్తే, ఫైళ్ల గదికి 500 కావాలి.

కాబట్టి ముందు పరీక్ష. పగలగొట్టిన కాంక్రీటు మీద ఫినాల్ఫ్తలీన్ అనే క్షారాన్ని పట్టిచ్చే ద్రావణం చల్లాలి. గులాబీ రంగు తేలితే బాగున్నట్టు, రంగు రాకపోతే క్షారం పోయినట్టు. సలాకలో తుప్పు జాడ చెప్పే విద్యుత్ కొలత, హాఫ్-సెల్ రీడింగు, మైనస్ 350 మిల్లీవోల్టులకన్నా కిందికి పోతే తుప్పు నడుస్తున్నట్టే అనుకోవాలి. బలం తెలియాలంటే కోర్లు, అంటే డ్రిల్లుతో గుండ్రటి కాంక్రీటు ముక్కలు, తీయాలి. వాటి సగటు బలం నిర్దేశిత బలంలో 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉండాలి.

మరమ్మతులో ఎక్కువగా చెడేది ఒక్కచోటే. తుప్పు సలాక పైనే మామూలు సిమెంటు మాలు అద్ది రంగు వేస్తారు, కొన్నాళ్లకు పక్కనే మళ్లీ పెచ్చు లేస్తుంది. సలాక వెనక కూడా వేలు దూరేంత తొలిచి, ఇనుము మెరిసేదాకా రుద్ది, సన్నబడ్డ చోట కొత్త సలాక కట్టి, తుప్పు నిరోధక పూత వేశాకే పాలిమర్ మాలు పొరలుపొరలుగా పెట్టాలి. స్తంభాలు బలహీనంగా ఉంటే జాకెటింగ్, అంటే చుట్టూ కొత్త సలాకలు కట్టి కాంక్రీటు తొడుగు వేయడం.

కూల్చడానికే మొగ్గితే బరువు చూడండి. పదివేల చదరపు అడుగుల అయిదంగుళాల స్లాబు ఒక్కటే దాదాపు 290 టన్నులు. 2026 మార్చి దాకా వర్తించిన 2016 నాటి కూల్చివేత వ్యర్థాల నిబంధనల ప్రకారం నెలలో 300 టన్నులు దాటే పని అయితే కాంక్రీటు, మట్టి, ఇనుము-కలప-ప్లాస్టిక్, ఇటుక-మాలు అని నాలుగుగా వేరుచేయాల్సి ఉండేది. షాబాదు బండలు, టేకు తలుపులు కూల్చకముందే విప్పి దాచాలి. అవి కొత్త కట్టడంలోనూ పనికొస్తాయి.

నిలబెట్టే భవనానికి వరస ముఖ్యం. ముందు పాత పొరలు దించి స్లాబు బాగుచేసి, తూములవైపు నూటికి ఒకటి వాలు ఇచ్చి, నీళ్లు ఇంకకుండా పూత వేయాలి. ఆపైన తెల్లటి చల్లకప్పు పూత. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ప్రభుత్వ భవనాలకు దీన్ని తప్పనిసరి చేసింది. వేడి తగ్గాకే ఏసీలు ఎన్ని టన్నులు కావాలో లెక్కగట్టాలి. సోలార్ పలకలు చివర్న వస్తాయి. వాటి స్టాండ్లకు స్లాబులో రంధ్రాలు కొట్టొద్దు, బరువు సరిచూసుకుని కాంక్రీటు దిమ్మెల మీద నిలపాలి.