కుంగుబాటు చెప్పుకునే దారేది? బ్రిటన్‌లో మైనారిటీ మహిళల మానసిక వైద్యం, 75 ఏళ్ల నేపథ్యం

బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ పుట్టిందీ, విండ్‌రష్ ఓడ కరీబియన్ వలసదారులతో వచ్చిందీ 1948లోనే. ఆ దీవుల నుంచి వచ్చిన ఎందరో మహిళలు నర్సులుగా ఆస్పత్రులను నిలబెట్టారు. మానసిక వైద్యం మాత్రం ఇంగ్లిష్ వచ్చి, ఒంటరిగా డాక్టరు దగ్గరికి రాగలిగినవాళ్లకే అందేలా సాగింది.

మిగిలినవాళ్ల భారం స్వచ్ఛంద సంస్థల మీద పడింది. 1979లో సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ ఏర్పడింది. గృహహింస నుంచి బయటపడ్డ స్త్రీలకు అండగా నిలిచింది. 1983లో జఫర్ కరీం లండన్‌లో నఫ్సియాత్ కేంద్రం పెట్టి, సంస్కృతులు తెలిసిన థెరపిస్టులతో చికిత్స మొదలుపెట్టారు. ఇలాంటి చోట్లకు నిధులు కొద్దికాలానికే వస్తాయి. గ్రాంటు ఆగితే, నమ్మకం కుదిరిన కౌన్సెలర్ కూడా దూరమవుతారు.

1998లో డేవిడ్ బెనెట్ అనే నల్లజాతి రోగిని మానసిక వైద్యశాలలో సిబ్బంది నేలకు అదిమిపట్టగా ఆయన చనిపోయారు. ఆ మరణంపై జరిగిన విచారణ తర్వాత 2005లో ప్రభుత్వం అయిదేళ్ల జాతి సమానత్వ కార్యక్రమం ప్రకటించింది. 500 మంది కమ్యూనిటీ కార్యకర్తలను నియమిస్తామంది. బలవంతపు నిర్బంధం మీద దృష్టి పడటం న్యాయమే, నల్లజాతి మహిళలనూ అది పీడిస్తోంది. కానీ నాలుగు గోడల మధ్య కుంగిపోతున్న ఇల్లాలి సంగతి వెనకబడింది.

2008లో ఇంగ్లండ్‌లో మాటల చికిత్సలు విస్తరించాయి. జీపీ (ఫ్యామిలీ డాక్టర్) చీటీ లేకుండానే చేరవచ్చు. చేరాక పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి: 9 ప్రశ్నలు, 27 మార్కులు, 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే కుంగుబాటుగా లెక్క. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దుబాసీగా పక్కన భర్తో అత్తగారో కూర్చుంటే దానికి జవాబు "లేదు" అనే వస్తుంది. తలనొప్పి, గుండెల్లో బరువు అని చెప్పుకునే మనిషి రక్తపరీక్షల చుట్టూ తిరుగుతూ ఉండిపోతుంది.

అందుకే బయటి దుబాసీ కావాలి. చిన్న ఊరి సమాజాల్లో ఆ దుబాసీ బంధువో పరిచయస్తుడో కాకూడదు, ఫోన్ దుబాసీ అయితే ఈ చిక్కు తగ్గుతుంది. ప్రతి మాటా రెండుసార్లు పలకాలి కాబట్టి సమయం రెట్టింపు ఇవ్వాలి. మామూలు నిడివే ఇస్తే ఆమెకు సగం చికిత్సే అందుతుంది.

ఏది పనిచేస్తుందో రోష్ని-2 పరిశోధన చూపింది. ప్రసవానంతర కుంగుబాటుతో ఉన్న 732 మంది దక్షిణాసియా మూలాల తల్లులపై జరిగిన ఈ అధ్యయనంలో, 12 బృంద సెషన్లు వాళ్ల సంస్కృతికి తగ్గట్టు, వాళ్ల భాషల్లో నడిచాయి. నాలుగు నెలలకు కోలుకున్నవాళ్లు మామూలు వైద్యం పొందిన బృందంలో కన్నా ఎక్కువ. ఏడాదికి ఆ తేడా నిలవలేదు. సెషన్లయ్యాక కూడా బృందం కలుస్తూ ఉండేలా డబ్బు కేటాయించాల్సింది అక్కడే.

2023లో ఇంగ్లండ్ మానసిక వైద్య ట్రస్టులకు (ఆ సేవలు నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థలకు) జాతి సమానత్వ చట్రం వచ్చింది. ట్రస్టులు జాతి వారీగా లెక్కలు చూపాలి. ఆ లెక్కల్లో స్త్రీలను విడిగా చూపాలి. ఏ భాష, దుబాసీ వచ్చారా, మొదటి సెషన్ తర్వాత ఎందుకు మానేశారు అన్న మూడూ ప్రతి కేసులో నమోదు కావాలి.