నలభై ఏళ్ల ఛెత్రిని మళ్లీ ఎందుకు పిలవాల్సి వచ్చింది?

2025 మార్చి 6న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఒక ప్రకటన ఇచ్చింది. సునీల్ ఛెత్రి మళ్లీ జాతీయ జట్టులోకి వస్తున్నాడని. అంతకు తొమ్మిది నెలల ముందే, 2024 జూన్ 6న, కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియంలో కువైట్‌తో చివరి మ్యాచ్ ఆడి, కన్నీళ్లు తుడుచుకుంటూ మైదానం వదిలాడతను. అప్పటికి 151 మ్యాచ్‌లు, 94 గోల్స్. పురుషుల అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో రొనాల్డో, మెస్సీ, ఇరాన్‌కు చెందిన అలీ దాయి తర్వాత నాలుగో స్థానం. అలాంటి మనిషి తిరిగొస్తున్నాడంటే అభిమానులకు పండగే. నాకు కూడా సంతోషం వేసింది. కానీ వెంటనే ఒక దిగులు కూడా పట్టుకుంది. నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో, 40 ఏళ్లు దాటిన మనిషిని ఇంట్లోంచి పిలుచుకురావాల్సిన పరిస్థితి ఎలా వచ్చింది?

2024లో భారత జట్టు 11 మ్యాచ్‌లు ఆడింది. ఒక్కటీ గెలవలేదు. ఆ ఏడాది మొత్తానికి వేసినవి నాలుగే నాలుగు గోల్స్. అందులో ఒకటి ఛెత్రి వెళ్లకముందు వేసిన పెనాల్టీ, ఇంకొకటి డిఫెండర్ రాహుల్ భేకే వేసింది. అంటే ఛెత్రిని పక్కనపెడితే, ఫార్వర్డ్‌లు, అంటే గోల్స్ వేయడమే పనైన ముందు వరస ఆటగాళ్లు, ఏడాదంతా కలిపి వేసింది రెండు.

ఈ కథకు మన దగ్గర ఒక మూలం ఉంది. ఛెత్రి 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు. నాన్న సైన్యంలో యంత్రాలు, వాహనాల మరమ్మతులు చూసే ఈఎంఈ విభాగంలో పనిచేసేవారు. అమ్మ, ఆమె కవల సోదరి నేపాల్ మహిళల జట్టుకు ఆడినవాళ్లు. నాన్న బదిలీలతో పాటు గ్యాంగ్‌టక్, డార్జిలింగ్, కోల్‌కతా, ఢిల్లీ తిరుగుతూ పెరిగాడు కాబట్టి అతన్ని మన ఆటగాడు అని చెప్పుకోవడం పొరపాటే అవుతుంది. కానీ ఇదే సికింద్రాబాద్‌లోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ వేశాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన జట్టులో చున్నీ గోస్వామి, పీకే బెనర్జీల పక్కన ఆడాడు. ఆ జట్టు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. ఒకప్పుడు ఈ దేశానికి ఫార్వర్డ్‌ల కొరత లేదు. ఆ మాట గుర్తు చేసుకోకపోతే ఇవాళ్టి కరువు ఎంత పెద్దదో అర్థం కాదు.

2005 జూన్ 12. పాకిస్థాన్‌లోని క్వెట్టా. కోచ్ సుఖ్వీందర్ సింగ్ ఆ రోజు నువ్వు మొదటి నుంచీ ఆడుతున్నావని చెప్పగానే, ఇరవై ఏళ్ల ఛెత్రి తన జెర్సీ తీసుకుని దాని మీద సెంటు కొట్టుకున్నాడట. రిటైర్మెంట్ చెప్పిన వీడియోలో తనే నవ్వుతూ గుర్తు చేసుకున్నాడు. ఆ మ్యాచ్‌లో గోల్ కూడా వేశాడు. అప్పటికి జట్టులో పేరున్న స్ట్రైకర్ బైచుంగ్ భూటియా ఉన్నాడు. కాబట్టి కుర్రాడి మీద టెన్షన్ లేదు, పక్కన నేర్పే పెద్ద ఉన్నాడు. తర్వాతి తరానికి ఆ అదృష్టం దక్కలేదన్నది నా అభిప్రాయం.

అతని కెరీర్‌లో అన్నిటికన్నా విలువైన రోజు ఏదంటే నేను 2008 ఆగస్టు 13 అంటాను. ఢిల్లీ అంబేద్కర్ స్టేడియంలో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య నడిపే ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ ఫైనల్, తజికిస్థాన్‌తో. భారత్ 4-1తో గెలిచింది. అందులో మూడు గోల్స్ ఛెత్రివి. ఆ కప్పు గెలిచినందుకే 27 ఏళ్ల తర్వాత 2011 ఆసియా కప్‌లో మనకు చోటు దొరికింది. దోహాలో బహ్రెయిన్ మీద, దక్షిణ కొరియా మీద అతను గోల్స్ వేసినా మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. అదే ఏడాది బైచుంగ్ అంతర్జాతీయ ఆట నుంచి తప్పుకున్నాడు. ఇక అక్కడి నుంచి భారం మొత్తం 170 సెంటీమీటర్ల ఈ మనిషి మీదే పడింది. ఆ ఎత్తుతో అతను వేసిన హెడర్లు చూస్తే, బంతి ఎక్కడ పడుతుందో డిఫెండర్ కన్నా అర క్షణం ముందే లెక్క కట్టేవాడని తెలుస్తుంది.

విదేశాల్లో ఆడాలని గట్టిగానే ప్రయత్నించాడు. 2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరింది, కానీ ఫిఫా ర్యాంకింగ్‌లో భారత్ మొదటి 70 దేశాల్లో లేదని బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. తర్వాత అమెరికాలో కాన్సస్ సిటీ, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ రెండో జట్టు. రెండు చోట్లా ఎక్కువగా బెంచ్ మీదే కూర్చున్నాడు. 2013లో బెంగళూరు ఎఫ్‌సీ పెట్టినప్పుడు అక్కడ చేరి, మొదటి సీజన్‌లోనే అప్పటి దేశవాళీ పెద్ద లీగ్ ఐ-లీగ్ గెలిపించాడు. ఆ సీజన్‌లో 14 గోల్స్‌తో లీగ్ అగ్రస్థానాన్ని ఇద్దరు విదేశీయులతో పంచుకున్నాడు.

అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) వచ్చినప్పుడు మైదానంలో ఒక జట్టుకు ఆరుగురు విదేశీయులు ఉండొచ్చు. 2017లో ఆ సంఖ్య అయిదుకు, 2021లో నాలుగుకు తగ్గింది. తగ్గినా ఫలితం పెద్దగా మారలేదు. ఎందుకంటే ఏ కోచ్ అయినా ఆ నాలుగు చోట్లను జట్టు వెన్నెముకకే వాడతాడు: మధ్యలో ఒక డిఫెండర్, ఒక మిడ్‌ఫీల్డర్, ముందు ఒక స్ట్రైకర్. నాలుగు మ్యాచ్‌లు ఓడితే ఉద్యోగం పోయే కోచ్, స్పెయిన్ నుంచో బ్రెజిల్ నుంచో వచ్చిన గోల్స్ మెషీన్‌ను కూర్చోబెట్టి ఇరవై ఏళ్ల మన కుర్రాడికి నంబర్ 9, అంటే ఆ స్ట్రైకర్ చోటు, ఇస్తాడా? ఇవ్వడు. దాంతో మన ఫార్వర్డ్‌లు వింగ్‌కు వెళ్లిపోయారు. ఛాంగ్టే, లిస్టన్ కొలాసో, మన్వీర్ సింగ్ అందరూ లీగ్‌లో ఎక్కువగా పక్క నుంచి పరిగెత్తేవాళ్లే. 2024-25 సీజన్ వరకు అత్యధిక గోల్స్ వేసినవాడికి ఇచ్చే ఐఎస్‌ఎల్ గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికీ దక్కలేదు. అంతెందుకు, సాక్షాత్తూ ఛెత్రిని కూడా బెంగళూరు ఎన్నో మ్యాచ్‌ల్లో ఎడమ వింగ్‌లో ఆడించింది, మధ్యలో వెనిజులా ఆటగాడు మీకూ ఉండేవాడు.

వింగ్ ఆట వేరు, గోల్‌పోస్ట్ ముందుండే బాక్స్‌లో ఆట వేరు. గోల్‌పోస్ట్‌కు వీపు పెట్టి బంతిని కాపాడుకోవడం, ఇద్దరు డిఫెండర్ల మధ్య సందు వెతకడం మ్యాచ్‌ల్లోనే వస్తాయి, వందల సార్లు తప్పితేనే వస్తాయి. మన కుర్రాళ్లకు తప్పే అవకాశమే లేకుండా పోయింది. మధ్యలో మిజోరం నుంచి జెజె లాల్‌పెఖ్లువా ఆశ పుట్టించాడు. జాతీయ జట్టుకు 23 గోల్స్ వేసి, గాయాలతో వెనకబడిపోయాడు. ఆ తర్వాత ఆ చోటు ఖాళీగానే ఉంది.

ఖాళీ కనబడకుండా కప్పింది ఛెత్రి గోల్సే. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్ మీద 4-1 గెలుపులో రెండు అతనివి. 2022 జూన్‌లో కోల్‌కతాలో ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో భారత్ ఎనిమిది గోల్స్ వేస్తే నాలుగు అతనివే, అప్పటికి వయసు 37. 2023లో దక్షిణాసియా దేశాల శాఫ్ టోర్నీలో పాకిస్థాన్ మీద హ్యాట్రిక్. గెలుస్తున్నాం కదా అని సమాఖ్య, క్లబ్బులు, మనమూ నిశ్చింతగా ఉన్నాం. 2024 జనవరిలో ఖతర్‌లో జరిగిన ఆసియా కప్‌లో ఆ ముసుగు తొలిగింది. ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్థాన్, సిరియా మూడింటి చేతిలో ఓటమి, ఒక్క గోల్ లేదు. మార్చిలో గువాహటిలో తన 150వ మ్యాచ్‌లో ఛెత్రి పెనాల్టీ గోల్ వేసినా అఫ్గానిస్థాన్ 2-1తో గెలిచింది.

అతను తప్పుకున్న అయిదు రోజులకే ఖతర్ చేతిలో ఓడి ప్రపంచ కప్ క్వాలిఫయర్స్ నుంచి బయటపడ్డాం. కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశారు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఐఎస్‌ఎల్ కప్ తెచ్చిన మనోలో మార్కెజ్ వచ్చాడు. గెలుపు రాలేదు. అటు బెంగళూరుకు ఛెత్రి 2024-25 సీజన్‌లో 14 గోల్స్ వేశాడు, భారతీయుల్లో అందరికన్నా ఎక్కువ. మార్కెజ్ అతన్ని అడగక ఇంకెవర్ని అడుగుతాడు? ఆ కోచ్‌ను తప్పుపట్టడం నాకు న్యాయం అనిపించదు.

మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0 గెలుపు, దాదాపు 16 నెలల తర్వాత వచ్చిన మొదటి గెలుపు. ఛెత్రి హెడర్‌తో 95వ గోల్ వేశాడు. అక్కడితో ఆగిపోయింది. ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో బంగ్లాదేశ్‌తో 0-0, హాంకాంగ్‌లో 0-1. మార్కెజ్ వెళ్లిపోయి ఖాలిద్ జమీల్ వచ్చాడు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ 2-1తో గెలవడంతో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఆ తర్వాత ఛెత్రి అంతర్జాతీయ ఆటకు రెండోసారి వీడ్కోలు చెప్పాడు.

అదే ఏడాది నవంబర్‌లో బెంగళూరులో ఛెత్రి తన క్లబ్ సహచరుడు ర్యాన్ విలియమ్స్ చేతికి భారత పాస్‌పోర్ట్ అందించాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈ ఫార్వర్డ్ తల్లిది ముంబై. భారత్‌కు ఆడటం కోసం ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకున్నాడు. ఛెత్రి ఖాళీ చేసిన చోటు కోసం జాతీయ శిబిరానికి పిలిచిన అతనికి అప్పటికి 32 ఏళ్లు.